బండి కింది తొట్టి

ఎన్నిస్,
ఆగస్టు 6.

లీలారాణి వదినగారికి,

ఇందుమతి నమస్కారాలు. ఫోను దగ్గర పెట్టగానే మీ చెవి మిషను ఈల వేస్తుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పైగా ఇది అరిచి చెప్పుకునే విషయం కాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది.

మేముంటున్న ఇంటిని ఓనరు అమ్మేస్తున్నాడు. ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. షానన్‌లో పిల్లలు కొనుక్కున్న ఫ్లాటు మార్చికి గాని చేతికి రాదు. ఈ మధ్యకాలానికి అద్దె ఇల్లు దొరకలేదు. చూడబోయిన ప్రతి ఇంటి ముందూ మాకంటే ముందే క్యూ ఉంది. ఇంతవరకు మీ అమ్మాయి ప్రెయిస్ మీకు చెప్పే ఉంటుంది. చెప్పనిది నేను చెబుతున్నాను. మీ అల్లుడు చక్రధర్ ఒక బండి కొన్నాడు. లోపల మంచాలు, పొయ్యి, సింకు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న అమెరికన్ బండి. దాని వయసు మీ అల్లుడి వయసే. ఊరి బయట మిసెస్ హెహిర్ అనే ఆవిడ పొలంలో దాన్ని నిలబెట్టి, మార్చి దాకా నలుగురం అందులో కాపురం చెయ్యాలట.

మొన్న ఆదివారం నన్ను చూడటానికి తీసుకెళ్లారు. తలుపు తీశాడు. నేను ఎక్కిన అడుగే వెనక్కి దిగాను. వదినగారూ, అది వాసన అనే మాటకు లొంగేది కాదు. నాలుక మీద కూర్చుంది. ఆ బండి నేల కింద ఒక తొట్టి ఉంది. మరుగుదొడ్డిలోది అందులో పడుతుంది. పాతవాళ్లు దాన్ని ఖాళీ చెయ్యకుండానే ఏళ్ల తరబడి షెడ్డులో పెట్టేశారు. అది ఎండి, రాయి కట్టి, అడుగున అలాగే ఉంది. దాన్ని బయటికి వదిలే పలక తుప్పుపట్టి కదలడం లేదు. మీ అల్లుడు బండి కింద వెల్లకిలా పడుకుని, మొహానికి చారెడు దూరంలో ఆ పలకను సుత్తితో కొడుతున్నాడు. బియస్సీ, ఎంసీయే చదివించింది ఇందుకు.

"అమ్మా, ఇదొక్కటి బాగైతే బండి బంగారం" అన్నాడు.

మిసెస్ హెహిర్ పెట్టిన షరతు ఒక్కటే. తొట్టిలోది గొట్టం గుండా ఆవిడ సెప్టిక్ ట్యాంకులోకే పోవాలి. ఒక్క చుక్క నేల మీద పడినా, బ్లీచింగు లాంటి మందు ఏదైనా ట్యాంకులో కలిసినా, మమ్మల్ని ఆ రోజే పంపేస్తుంది. ఆ నేల నీళ్లే ఆవిడ తాగే బావిలోకి ఊరతాయి. ఆవిడను తప్పుపట్టను. నేనైతే అసలు రానివ్వను.

బండి కుదరకపోతే ప్రెయిస్, మనవరాలు సుధేష్ణ, ప్రెయిస్‌తో ఆసుపత్రిలో పనిచేసే స్నేహితురాలి గదిలో, వాడు ఇంకెక్కడో, నేను మరెక్కడో ఉండాలి. అది తెలిసే ఈ ఉత్తరం. మీరు మీ అమ్మాయికి చెప్పి, వేరే దారి చూడమనండి. నా కొడుకు నా మాట వినడం మానేసి, పెళ్లయిన నాటి నుంచి లెక్క పెడితే, పదేళ్లు దాటింది.

మీ,
ఇందుమతి

*

ములింగార్,
ఆగస్టు 11.

ప్రియమైన వదినగారికి,

ప్రభువు కృప వల్ల క్షేమం. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, మా అబ్బాయి జెర్రీకి కూడా చదివి వినిపించాను. వాడు అన్నం కంచం పక్కకు పెట్టేశాడు. మీరు అంత బాగా రాశారు.

నా అల్లుడు మీ మాట వినకపోవడం మా అమ్మాయి ఖాతాలో రాసినట్టున్నారు. రాసుకోండి. మీ కొడుకు పెళ్లికి ముందు ఎంత వినేవాడో గుంటూరులో అందరికీ తెలుసు.

ఇక తొట్టి సంగతి. గుంటూరు పెద్దాసుపత్రి వార్డుల్లో ముప్పై నాలుగేళ్లు బెడ్‌పాన్‌లు మోశాను, మోయించాను. అదేమీ బ్రహ్మరాక్షసి కాదు. బెడ్‌పాన్ సరిగ్గా కడక్కపోతే తెల్లగా గార పడుతుంది కదా, ఇదీ అదే. కొంచెం పెద్దది. మీ వంటింట్లో నిమ్మ ఉప్పు ఉంటుంది. వేడినీళ్లలో దండిగా కలిపి పోసి, రెండు రోజులు నాననివ్వండి. తర్వాత బండిని పొలం బాటలో అటూ ఇటూ తిప్పమనండి. లోపల అదే కడుక్కుంటుంది. నిమ్మ ఉప్పు పోస్తామని ముందు ఆ హెహిర్ గారిని అడగండి. బ్లీచింగు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది.

మీకు కష్టమైతే మార్చి దాకా మా జెర్రీ ఇంటికి రండి. కింద గది ఖాళీ. బాత్రూమ్ గదిలోనే ఉంది. మీరు రారని తెలుసు. అడగడం నా వంతు.

మీ,
లీలారాణి

*

హెహిర్ గారి పొలం, ఎన్నిస్,
సెప్టెంబరు 14.

వదినగారికి,

ఇందుమతి నమస్కారాలు. మీ నిమ్మ ఉప్పు పనిచేసింది. ఎలా పనిచేసిందో మీకు తెలియాలి. నేను ఒక్కదాన్నే ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?

నానబెట్టడం, తిప్పడం, మళ్లీ నానబెట్టడం వారం పట్టింది. పలక తుప్పు విడవలేదు, అమెరికా నుంచి కొత్తది, దానికి రబ్బరు చుట్టు తెప్పించారు. చివరికి చక్రధర్ గొట్టం బిగించి పిడి లాగాడు. ముందు కషాయం రంగు నీళ్లు వచ్చాయి. తర్వాత బూడిద రంగు బురద, ఆగి ఆగి, గుక్కిళ్లు మింగుతున్న చప్పుడుతో. దాని వెనక పెచ్చులు. ఆ గొట్టానికి మధ్యలో గాజు ముక్కలాంటి పారదర్శకమైన తొడుగు ఒకటి ఉంటుంది, లోపల ఏం పోతోందో చూసుకోవడానికి. చూసుకోవడానికి! తయారుచేసినవాడికి తల్లి లేదా?

ప్రెయిస్ అక్కడే గొంతుక్కూర్చుని, "ఇంకా వస్తోంది, ఇంకా, ఆ, ఇప్పుడు నీళ్లు" అని కాన్పు చేస్తున్నట్టు చెబుతోంది. ఆఖర్న ఒక స్టీలు చెంచా వచ్చింది. మరుగుదొడ్డి తొట్టిలో చెంచా ఎందుకుందో నేను ఆలోచించదలచుకోలేదు. సుధేష్ణ మాత్రం "కెన్ వి కీప్ ఇట్, నానమ్మా?" అని అడిగింది. నా మొహం చూసి, "ఐ'మ్ ఓన్లీ మెస్సింగ్" అంది. ఏడేళ్లకే హాస్యాలు.

ఒక్క చుక్క నేల మీద పడలేదు. మిసెస్ హెహిర్ తన సెప్టిక్ ట్యాంకు మూత చుట్టూ తిరిగి, వంగి చూసి, "గ్రాండ్" అంది. ఇక్కడ అది పెద్ద ప్రశంస.

మేం మారాం. వంట నా చేతిలో, చదువు నా చేతిలో. నీళ్ల పద్ధతి కూడా నేనే పెట్టాను. గోడ మీద తొట్టి ఎంత నిండిందో చూపే ముల్లు ఉంది. అది ముప్పావుకు వస్తే నా కొడుకు ఆ గొట్టం పట్టుకోవాలి. వాడు తిన్న కంచం కూడా వాణ్ని ఎత్తనిచ్చి ఎరగను. మొదటిసారి వాడు ఆ గొట్టం కడుగుతుంటే చూసి ఆ పూట అన్నం ముట్టలేకపోయాను. అందుకని ఒక నియమం. వెళ్లినవాళ్లు ఒక్క గ్లాసు నీళ్లు పొయ్యాలి. మిగతాది కాగితం. కాగితం వాడమని నా నోటితో నేను చెప్పాను, వదినగారూ, ఎంత దిగజారానో చూడండి.

"అత్తయ్యా, నీళ్లు తగ్గిస్తే లోపల ఇబ్బందేమో" అంది ప్రెయిస్.

"నీళ్లు పోస్తే తొట్టి నిండుతుంది, పొయ్యకపోతే నిండదు. మూడో తరగతి లెక్క" అన్నాను. రెండు వారాలుగా ముల్లు పావు దాటలేదు.

ములింగార్ పిలుపుకు సంతోషం. కోడలి పుట్టింట్లో మకాం పెట్టే అలవాటు మా వైపు లేదు. పైగా సుధేష్ణకు గుణింతాలు సగంలో ఉన్నాయి. పగలు నాకూ కాలక్షేపమే. పిల్ల స్కూలుకు వెళ్లగానే బస్సెక్కి ఎన్నిస్ లైబ్రరీకి వెళతాను, మళ్లీ స్కూలు వదిలే వేళకు వస్తాను.

మీ,
ఇందుమతి

*

ములింగార్,
సెప్టెంబరు 22.

ప్రియమైన వదినగారికి,

చెంచా దగ్గర నవ్వి నవ్వి నాకు దగ్గు పట్టుకుంది.

రెండు సందేహాలు. ఒకటి, మీ లెక్క నాకు నచ్చలేదు. మూడో తరగతిలో నేనూ ఫస్టే. నీళ్లు లేకపోతే మనిషి పొట్టలో ఏమవుతుందో నాకు తెలుసు. తొట్టికి మాత్రం ఇంకోలా ఎందుకవుతుంది?

రెండు, ఆ లైబ్రరీ. అక్కడ తెలుగు పుస్తకాలు లేవని మీరే పోయినేడు తిట్టారు. ఇంగ్లీషు పేపరు మీరు అరగంటలో తప్పులతో సహా పూర్తి చేస్తారు. రోజూ, వానలో, బస్సెక్కి, ఏం చదువుతున్నారు?

మీ,
లీలారాణి

*

హెహిర్ గారి పొలం,
అక్టోబరు 12.

వదినగారికి,

నమస్కారాలు. నా చదువు గురించి విచారించినందుకు కృతజ్ఞతలు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి లైబ్రరీకి వెళ్లడానికి కారణం చెప్పాల్సిన రోజు వస్తుందనుకోలేదు.

ఈ బండిలో ఎలా ఉంటుందో మీ ఆసుపత్రి కళ్లకు తట్టదు. మరుగుదొడ్డికీ పొయ్యికీ మధ్య ఉన్నది అట్టలాంటి పలక. అవతల మనిషి దగ్గితే ఇవతల పప్పులో పడ్డట్టుంటుంది. మన ఇళ్లలో దొడ్డికి వెళ్లొస్తే కాళ్లు కడుక్కోకుండా వంటింట్లోకి రాము. ఇక్కడ ఆ తలుపు తీసి అడుగేస్తే, ఆ అడుగు పొయ్యి ముందే పడుతుంది. కడుక్కోవాలంటే నీళ్లు కావాలి. నీళ్లు పోస్తే తొట్టి నిండుతుంది. నేను పెట్టిన నియమం నేనే తప్పలేను.

పోయిన వారం నుంచి మళ్లీ వాసన మొదలైంది. పాత వాసన కాదు. కొత్తది, పచ్చిది, మనదే. అది ఇంకా అసహ్యం. ముల్లు మాత్రం పావు మీదే ఉంది. చక్రధర్ రబ్బరు చుట్టు మార్చాలంటాడు. ప్రెయిస్ నా వంక చూస్తుంది.

నేను కులాసాయే. సాయంత్రం కాఫీ మానేశాను, మజ్జిగ కూడా. ఈ వయసులో తగ్గించడమే మంచిది. లేచేటప్పుడు కాస్త కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చలికి కాబోలు.

మీ,
ఇందుమతి

*

ములింగార్,
అక్టోబరు 24, శుక్రవారం.

వదినగారూ,

కులాసా ప్రశ్నలు లేవు, కోపంగా రాస్తున్నాను. మీ ఉత్తరం వారం పైగా నా దిండు కింద ఉంది. ఇవాళ పొద్దున ప్రార్థనలో కూర్చుంటే ఒక్కసారిగా తట్టింది. నర్సుగా నాకు సిగ్గుచేటు.

మీరు లైబ్రరీకి వెళుతున్నది చదవడానికి కాదు. అక్కడి మరుగుదొడ్డికి. బండిలోది మీరు ఒక్కసారి కూడా వాడలేదు. వాడకుండా ఉండటానికి కాఫీ మానేశారు, మజ్జిగ మానేశారు, మధ్యాహ్నం దాటితే నీళ్లు మానేశారు. కళ్లు బైర్లు చలికి కమ్మవు, నీళ్లు లేక కమ్ముతాయి. ఆదివారాలు ఎలా గడుపుతున్నారో ఊహించుకుంటే నాకు ఏడుపొస్తోంది.

ఈ సోమవారం బ్యాంక్ హాలిడే, సర్కారు సెలవు. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులూ లైబ్రరీ మూత. ఏం చేస్తారు? పిల్లలకు ఫోను చేయిస్తే మీ పరువు పోతుందని ఉత్తరమే రాస్తున్నాను.

ఈ ఉత్తరం అందగానే రెండు గ్లాసులు మంచినీళ్లు తాగండి. ఆ తొట్టిలో రెండు బకెట్లు పోయించండి. మీకూ దానికీ వచ్చింది ఒకటే జబ్బు.

లీలారాణి

*

ఆసుపత్రి, నాలుగో బెడ్డు,
అక్టోబరు 31.

వదినగారికి,

మీ శుక్రవారం ఉత్తరం మంగళవారం వచ్చింది. సోమవారం పోస్టు లేదు. చక్రధర్ దాన్ని ఇక్కడికి తెచ్చి, విప్పి, నాకివ్వకుండా తనే చదివాడు. అందుచేత ఇక దాచడానికేమీ మిగల్లేదు.

మీరు రాసినదంతా నిజం. శనివారం పొద్దుటి నుంచి నేనేమీ తాగలేదు, తినలేదు. తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. ఆదివారం పొద్దున ప్రెయిస్ కేక వేసింది. ఆమె గ్లాసు నీళ్లు పోస్తే అవి కిందికి పోవడానికి బదులు పైకి వచ్చాయి. చక్రధర్ టార్చి వేసి చూశాడు. వదినగారూ, చెప్పక తప్పదు. నీళ్లు లేక, కాగితమూ అదీ కలిసి, పడిన చోటే కుప్పగా పెరిగి, గొట్టం అంచు దాకా శిఖరంలా నిలబడింది. ముల్లుకు కబురందించే మేకు తొట్టి అవతలి చివర ఉంది. అక్కడ ఖాళీయే. కాబట్టి ముల్లు పావు చూపిస్తూనే ఉంది. ఇన్నాళ్లూ నేను గర్వంగా చూసుకున్నది దాన్ని.

ఏమైందో చూద్దామని మంచం మీద నుంచి లేచాను. అంతవరకే గుర్తుంది.

అంబులెన్సులో ప్రెయిస్ నా చెయ్యి పట్టుకుని, చర్మం గిల్లి చూసి, "అత్తయ్యా, నీళ్లెప్పుడు తాగారు?" అంది.

"శుక్రవారం" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది. అది తిట్టు కంటే ఎక్కువ.

ఒంట్లో నీళ్లు లేవట, మూత్రంలో ఇన్‌ఫెక్షనట, కిడ్నీల దాకా పోయేదట. సెలైను ఎక్కించారు. ఎక్కించిన నీళ్లు ఊరుకుంటాయా? బెడ్‌పాన్ పెట్టారు. తెర వెనక, పదిమంది ఉన్న గదిలో, పడుకుని. నేను కళ్లు మూసుకున్నాను. దాన్ని తీసుకెళుతున్న పిల్లకు ఇరవై రెండేళ్లుంటాయి. సారీ చెప్పాను. "నో బాదర్" అంది, కాఫీ కప్పు తీసుకెళుతున్నట్టు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తూనే ఉంది.

చక్రధర్ తన మాట నిన్న చెప్పాడు. "బండి అమ్మేస్తానమ్మా. ప్రెయిస్, పాప గదికి పోతారు. నువ్వు ములింగార్ వెళ్లు. నా వల్ల కాదు ఇక." గడ్డం గీసుకోలేదు. నా వంక చూడలేదు. ఆ తొట్టి అలాగే ఉంది. ఎనిమిదో తేదీ శనివారానికల్లా వాసన పోకపోతే ఖాళీ చెయ్యమని మిసెస్ హెహిర్ అందట.



ఇందుమతి

*

ములింగార్,
నవంబరు 3.

ప్రియమైన వదినగారికి,

బతికి ఉన్నందుకు దేవునికి స్తోత్రం. మిగతాది ఎదురుపడ్డప్పుడు తిడతాను.

జెర్రీ శనివారం కారు తెస్తాడు. సామాను సర్దుకోండి. కింద గది సర్దించాను, మీ పూజకు అల్మరా ఖాళీ చేయించాను. కోడలి పుట్టిల్లు అనుకోకండి, మీకంటే మూడేళ్లు చిన్నదైన ఒక చెవిటి ముసలిదాని ఇల్లనుకోండి. సుధేష్ణకు గుణింతాలు వీడియోలో చెప్పొచ్చు.

ఒక్క మాట. పిల్లలు విడివిడిగా ఉండటం నాకూ ఇష్టం లేదు. కానీ మీరు ఆ బండిలో నీళ్లు తాగరు. తాగని మనిషిని అక్కడ ఉంచమని నేను నా కూతురికి చెప్పలేను.

మీ,
లీలారాణి

*

హెహిర్ గారి పొలం,
నవంబరు 6.

వదినగారికి,

ఇందుమతి నమస్కారాలు. జెర్రీని పంపవద్దు. కారణం వివరంగా రాస్తాను.

మంగళవారం డిశ్చార్జి చేశారు. వచ్చేసరికి బండి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, లోపల అందరూ కోట్లు వేసుకుని కూర్చున్నారు. నిన్న పొద్దున చక్రధర్ సెలవు పెట్టి కర్రా గొట్టమూ తీశాడు. అమ్మే ముందు శుభ్రం చెయ్యాలి కదా అని. నేను ప్రెయిస్ రబ్బరు చేతితొడుగులు తీసుకుని తొడుక్కున్నాను.

"అమ్మా, నువ్వు లోపల కూర్చో."

"ఆ కుప్ప పెట్టింది నా నియమం. జరుగు."

"నీకు ఒంట్లో బాగాలేదు."

"బకెట్టు ఎత్తను. చెంబుతో పోస్తాను. జరగరా."

ప్రెయిస్ వేడినీళ్లు అందిస్తుంటే, వాడు పైనుంచి కర్రతో కదుపుతుంటే, నేను చెంబుతో పోశాను. వదినగారూ, నేను లోపలికి చూశాను. చూసి, బయటికి పరుగెత్తి, కంచె దగ్గర వాంతి చేసుకున్నాను. అటువైపు మిసెస్ హెహిర్ ఆవు నన్ను చూస్తూ నిలబడింది. నోరు కడుక్కుని వచ్చి మళ్లీ పోశాను. రెండోసారి వాంతి రాలేదు. కళ్లనీళ్లు వచ్చాయి, అవి వాసనకు. చక్రధర్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు ఆపుకున్నాడు, తర్వాత ఆపుకోలేదు.

"స్కూల్లో నువ్వంటే అందరికీ హడల్ అని చెప్పేవాళ్లమ్మా. ఇప్పుడు చూస్తే..."

"చూసింది చాలు. కర్ర తిప్పు."

మధ్యాహ్నానికి లోపల ఏదో జారిన చప్పుడైంది. పిడి లాగాడు. ఆ గాజు తొడుగులో నేను తల తిప్పుకోకుండా చూశాను, నీళ్లు తేటపడేదాకా. మిసెస్ హెహిర్ వచ్చి ముక్కు ఎగబీల్చి, "దట్స్ బెటర్" అని, ఆరు గుడ్లు ఇచ్చి వెళ్లింది. గుడ్లు మీ అమ్మాయి వండుకుంది.

రాత్రి భోజనాల దగ్గర చక్రధర్‌తో అన్నాను, "అమ్మొద్దు. నలుగురం ఒకచోటే ఉందాం."

"ఉండాలంటే నువ్వు నీళ్లు తాగాలి. నా ఎదురుగా. తర్వాత ఆ గదికి వెళ్లాలి" అన్నాడు. కన్నకొడుకు తల్లితో మాట్లాడే మాటేనా? కానీ వాడు గ్లాసు నా ముందు పెట్టి, చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

తాగాను.

తర్వాతి సంగతి మీకు తప్ప ఎవరికీ రాయను. తెల్లవారి ఆ గదికి వెళ్లాను. మోకాళ్లు తలుపుకు తగులుతాయి. అవతల సుధేష్ణ "క కా కి కీ" గట్టిగా, చాలా గట్టిగా చదువుతోంది. ప్రెయిస్ చదివిస్తోందని తర్వాత అర్థమైంది, నా చప్పుడు ఎవరికీ వినపడకూడదని. చెంబునిండా నీళ్లు పోశాను. ఆ తర్వాత అక్కడే, ఆ గదిలోనే, ఆ కుండీ మీద ఒక్కో కాలూ పెట్టి కడుక్కున్నాను. ఆ నీళ్లు కూడా తొట్టిలోకే పోయాయి. తొట్టికి నీళ్లు కావాలి, నేను కాళ్లు కడుక్కోవాలి. ఈ రెండూ కలిపి చూడటం ఇన్నాళ్లూ తట్టలేదు. ఇక నుంచి అందరికీ ఇదే పద్ధతి. చక్రధర్ వారానికి రెండుసార్లు గొట్టం పట్టుకుంటాడు. పట్టుకోనీ. రెండోసారి నేను పట్టుకుంటాను.

అసహ్యం పోయిందనుకోకండి. పోలేదు, పోదు. మార్చిలో షానన్ ఫ్లాటులో దిగిన రోజు ఈ బండి వైపు వెనక్కి తిరిగి కూడా చూడను. అప్పటిదాకా ఇక్కడే.

అల్మరా ఖాళీగానే ఉంచండి. క్రిస్మస్‌కి నలుగురం వస్తాం.

ఉత్తరం ఇంకా రాసేదాన్ని. కానీ మీరు చెప్పిన రెండు గ్లాసులూ తాగి కూర్చున్నాను. లేవాలి.

మీ,
ఇందుమతి